వేదిక ముందు ఊపిరాడాలి

సంపాదకులకు,

సంగీతోత్సవాల్లో తొక్కిసలాట జరిగితే చాలామంది ప్రాణాలు పోయేది కాళ్లకింద నలిగి కాదు, నిలబడిన చోటే ఊపిరాడక. 2021 నవంబరు 5న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్ ఉత్సవంలో వేదిక ముందు ఒత్తిడికి 10 మంది బలైపోయారు.

చదరపు మీటరుకు నలుగురి దాకా ఉంటే ఎవరి అడుగు వాళ్లు వేయగలరు. ఆరేడుగురైతే జనం నీళ్లలా ఊగుతారు, ఎక్కడో మొదలైన తోపుడు అలలా పాకుతుంది. వెనకవాళ్లకు అది కనిపించదు, ముందుకే నెడతారు.

నలువైపులా ఒళ్లు తగులుతూ, చెయ్యెత్తి ముఖం తాకడం కష్టమైతే వెంటనే బయటపడండి. పాట అయ్యేదాకా ఆగొద్దు. చిక్కుకుంటే ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి, మోచేతులు మడిచి, పిడికిళ్లు ఛాతీ ముందుంచండి. ఆ కాస్త జాగాలోనే ఊపిరి ఆడాలి. అరిచి ఊపిరి పోగొట్టుకోవద్దు. అలకు ఎదురు నెట్టొద్దు. అది సద్దుమణిగిన క్షణంలో ఏటవాలుగా పక్కకు జరగండి. బారికేడ్లకు, గోడలకు దూరంగా ఉండండి. ఫోను పడితే వదిలేయండి, మనిషి పడితే మాత్రం తక్షణం లేపండి.

ఇదంతా చివరి ఆసరా మాత్రమే. అసలు బాధ్యత నిర్వాహకులది. వేదిక ముందు స్థలాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి విడి దారులు పెట్టి, లోపలికెళ్లినవాళ్లను లెక్కించాలి. కచేరీ ఆపే అధికారం ఎవరిదో ముందే తేల్చి, గాయకులకూ చెప్పాలి.

— ఒక పాఠకురాలు