ఫాల్, ఫెల్, ఫాలెన్: లైన్ ఇన్‌స్పెక్టరు మిత్రుడికి ఉత్తరం

ప్రియమిత్రుడు వెంకటేశ్వర్లుకు,

నీ ఉత్తరం అందింది. ప్రమోషను వచ్చిన దగ్గర నుంచి కరెంటు పోయిన ప్రతిసారీ ఇంగ్లీషులో నివేదిక రాసి పంపవలసి వస్తోందనీ, అందుకని ఒక గ్రామరు పుస్తకం కొని, అందులోని వీ వన్, వీ టూ, వీ త్రీ (ఫాల్, ఫెల్, ఫాలెన్ లాగా క్రియకుండే మూడు రూపాలు) పట్టికను పొద్దున్నే ఎక్కంలా వల్లె వేస్తున్నాననీ రాశావు. ఆ పట్టిక 'అబైడ్, అబోడ్' దగ్గర మొదలవుతుందని నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. ఆ క్రియ నీ నివేదికల్లో ఏనాటికీ అవసరపడదు. అక్షర క్రమం వెతుక్కోవడానికి పనికివస్తుందే తప్ప గుర్తుపెట్టుకోవడానికి కాదు. కాబట్టి ఆ పుస్తకం పక్కన పెట్టి, నీ సబ్‌స్టేషను లాగ్‌బుక్ తెరువు.

అందులో ఏముంటుంది? ఈదురుగాలి వీచింది, చెట్టు పడింది, తీగ తెగింది, పిడుగు పడింది. ఇంగ్లీషులో ఇవి బ్లూ, ఫెల్, బ్రోక్, స్ట్రక్. అన్నీ ఇర్రెగ్యులర్ క్రియలే, అంటే భూతకాలంలో చివర 'ఎడ్' చేర్చుకోనివే. ఇక మీరు చేసిన పనులు చూడు: చెక్డ్, రిపేర్డ్, రిప్లేస్డ్, చార్జ్డ్. ఫీడరు, అంటే సబ్‌స్టేషను నుంచి కరెంటు తీసుకుపోయే లైను, ట్రిప్ అయి ఆగిపోతే ట్రిప్డ్. వీటిలో ఒక్కదానితోనూ పేచీ లేదు. ఉపద్రవమంతా మొండి క్రియల్లోనూ, మరమ్మతంతా బుద్ధిమంతమైన క్రియల్లోనూ ఉండడం నాకు భలే ముచ్చటగా తోచింది. దీనికి కారణం కూడా ఉంది. గాలి, చెట్టు, విరగడం, పడడం వంటి వాటిని చెప్పే క్రియలు ఇంగ్లీషు పుట్టినప్పటి నుంచీ ఉన్నవి. అచ్చు మార్చి భూతకాలం చెప్పడం వాటి పాత అలవాటు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి నుంచి వచ్చి చేరిన రిపేర్, చార్జ్ లాంటివి మాత్రం దాదాపు అన్నీ చివర 'ఎడ్' తగిలించుకుని సరిపెట్టుకున్నాయి. నిన్నమొన్న పుట్టిన 'గూగుల్' కూడా గూగుల్డ్ అయిందే గానీ మరోటి కాలేదు.

హార్వర్డ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పాత ఇంగ్లీషు నాటి ఇర్రెగ్యులర్ క్రియలను 177 తీసుకుని వాటి చరిత్రను పరిశీలిస్తే, నేటికి 98 మాత్రమే అలా మిగిలాయని తేలింది. తక్కినవన్నీ 'ఎడ్' బాట పట్టాయి. 'హెల్ప్'కు ఒకప్పుడు 'హోల్ప్' అనే భూతకాల రూపం ఉండేది. జనం రోజూ వాడేవి మాత్రం ఈనాటికీ ఇర్రెగ్యులర్‌గానే ఉన్నాయి: బీ, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, టేక్. అంటే నువ్వు భయపడుతున్న క్రియలు నీకు రోజూ తగిలేవేనన్న మాట. నోట్లో నలిగే మాటకు ప్రత్యేకంగా వల్లె అక్కరలేదు. మీరు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపించి లైను మీద పని చేయడానికి అనుమతి) తీసుకున్న ప్రతిసారీ 'టుక్ ఎల్‌సీ' అని రాస్తూ పోతే టేక్, టుక్, టేకెన్ దానంతటదే అబ్బుతుంది.

మిగిలినవాటిని శబ్దాన్ని బట్టి జత చేసుకో. కట్, షట్, పుట్, హిట్, హర్ట్ మూడు రూపాల్లోనూ కదలవు. కీప్ కెప్ట్ అయితే స్లీప్ స్లెప్ట్, స్వీప్ స్వెప్ట్. రింగ్, ర్యాంగ్, రంగ్ వచ్చిన నోటికి సింగ్, డ్రింక్ కూడా వస్తాయి. మీటరు రీడింగు దగ్గర ఒక చిక్కుంది: వీ టూలో 'రెడ్' అని పలుకుతావు గానీ స్పెల్లింగు మారదు. ఇంకొక చిక్కు చెట్టుతో. చెట్టు తానే పడితే 'ఫెల్', మీవాళ్ళు నరికి పడగొడితే 'ఫెల్డ్'. ఆ రెండోదాన్ని వదిలేసి 'కట్ డౌన్' అని రాసుకోవడమే క్షేమం.

మా బడిపిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా జారేది 'డిడ్ నాట్' దగ్గర. 'డిడ్ నాట్ ఫెల్' అని నిస్సంకోచంగా రాస్తారు. తెలుగులో 'పడింది' అంటాం కానీ, లేదనవలసి వచ్చినప్పుడు 'పడిందిలేదు' అనం కదా, 'పడలేదు' అంటాం. అలాగే కాలం సంగతి 'డిడ్' చూసుకుంటుంది కనుక వెనక 'ఫాల్' చాలు. వీ త్రీని హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ వెనకా, 'వాజ్' వెనకా పెట్టు. ఇన్సులేటరు ఎవరు పగలగొట్టారో తెలియనప్పుడు 'ది ఇన్సులేటర్ వాజ్ బ్రోకెన్' అంటే సరిపోతుంది. పై అధికారులకు ఈ వాక్యమంటే మహా ఇష్టం, ఎవరి పేరూ రాయనక్కరలేదు గదా!

ఈసారి గాలివానకు లైను పోయినప్పుడు రాసిన నివేదిక నకలు నాకు పంపు. దిద్దకుండా, నువ్వు రాసింది రాసినట్టే పంపాలి. క్రియల కింద గీతలు నేను గీస్తాను. చెల్లెమ్మను, పిల్లలను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ రాఘవ