నీ ఫిత్రా బియ్యం ఎవరింటికి చేరాయంటే

రాజోలు,
ఏప్రిల్ 6, 2025, ఆదివారం.

ప్రియ మిత్రమా,

అస్సలాము అలైకుం.

నీ పండుగ శుభాకాంక్షలకు వారం గడిచినా సరైన సమాధానం రాయలేదు. పండుగ నమాజుకు ముందు బీదలకు తప్పక ఇచ్చే నీ ఫిత్రా దానం ఎవరికి చేరిందని నువ్వు రెండుసార్లు అడిగినప్పుడు కూడా "తీరిగ్గా రాస్తాను" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. మన్నించు. ఇది ఫోనులో చెప్పదగిన విషయం కాదు, పైగా చెప్పాలో వద్దో తేల్చుకోవడానికే నాకు ఇన్ని రోజులు పట్టింది. ఈ రోజు రంజాన్ తర్వాతి నెల షవ్వాల్‌లో ఉండే ఆరు ఉపవాసాల్లో నాలుగోది ఉన్నాను. సాయంకాలపు అసర్ నమాజు ముగించుకుని వచ్చి కూర్చున్నాను, వీధి చివర శ్రీరామనవమి పందిట్లో సందడి ఇంకా తగ్గలేదు, సూర్యాస్తమయం వేళ మగ్రిబ్ నమాజు వరకు సమయం ఉంది.

ఇంటి కబుర్లు ఒక్క వరుసలో చెప్పేస్తాను: అమ్మ కంటి ఆపరేషను బాగా జరిగింది, పెద్దవాడు పదో తరగతి పరీక్షలు రాసేశాడు, అందరం క్షేమం.

జుమాతుల్ విదా నాడు, అంటే రంజాన్ చివరి శుక్రవారం మార్చి 28న, నువ్వు కువైట్ నుంచి నా ఖాతాలో 30,000 రూపాయలు వేసి "పంచు" అని ఒకే మాట పంపావు. మాకు పండుగ సోమవారమో మంగళవారమో అవుతుంది కదా, ఆదివారం రాత్రి మసీదులో అందరి ఫిత్రాతో పాటు నీదీ చూసుకోవచ్చని ఊరుకున్నాను. శనివారం రాత్రి మేము రంజాన్ రాత్రుల తరావీహ్ నమాజు ముగించి ఇళ్లకు చేరాక నీ "ఈద్ ముబారక్" వచ్చింది. కువైట్‌లో నెలపొడుపు కనిపించిందన్నమాట అనుకుని, తిరిగి శుభాకాంక్షలు చెప్పి పడుకున్నాను. ఉపవాసానికి ముందు తెల్లవారకుండా తినే సహరీకి లేచి అన్నం కలుపుకుంటూ ఉంటే చెయ్యి ఆగిపోయింది. మీకు పండుగ ఈ రోజే! నీ ఫిత్రా నీ పండుగ నమాజుకు ముందే బీదవాళ్ల చేతికి చేరాలి, అదేమో నా ఖాతాలో ఉంది.

తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే ఇమాం గారిని అడిగాను. ఇచ్చేవాడు ఉన్నచోట పండుగ తెల్లవారడంతో ఫిత్రా అతని మీద విధి అవుతుందనీ, పుచ్చుకునేవాళ్ల పండుగ మర్నాడైనా నీ లెక్క నీదేననీ ఆయన చెప్పారు. ఆలస్యమైతే బాధ్యత తీరిపోదు, ఆ తర్వాతైనా ఇవ్వాల్సిందే, కానీ నమాజుకు ముందు ఇవ్వడంలో ఉన్న పుణ్యం చేజారుతుంది. మీ గడియారం మా కంటే రెండున్నర గంటలు వెనక కనుక మీకు సూర్యోదయమయ్యేసరికి ఇక్కడ ఎనిమిది దాటుతుంది. చేతిలో రెండు గంటల పైచిలుకు ఉందని లెక్కవేసుకుని నీకు ఫోను చేశాను. నాలుగోసారికి ఎత్తావు, అప్పుడు మీకు తెల్లవారుజామున మూడు గంటలు. నిద్రమత్తులో "పంటు వెళ్లిపోయిందా?" అని అడిగావు, గుర్తుందా? సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే ఆ పెద్ద పడవ కోసం ఆ రోజు అన్న మాటే, అదే గొంతు. ఇన్నేళ్ల తర్వాత అది విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పాలో తెలియడం లేదు. నలుగురి ఫిత్రా అందులోంచే తీయమనీ, మిగిలినది జకాత్ (ఏటా ఆస్తి మీద తప్పక ఇవ్వవలసిన దానం) అనీ, మసీదులో వజూ హౌజు (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే తొట్టె) మరమ్మతుకు కూడా అందులోంచే కొంత ఇవ్వమనీ చెప్పి పెట్టేశావు. హౌజు సంగతి తర్వాత రాస్తాను.

ఆ రోజు ఉగాది. సెట్టిగారి కొట్టు తెరిచి ఉంటుందన్న ఆశ లేకుండానే వెళ్లాను. ఆయన తలంటుకుని, గుమ్మానికి మామిడాకులు కడుతున్నారు. విషయం చెప్పగానే తోరణం సగంలో వదిలి తలుపు తీసి, "కొత్త సంవత్సరం బోణీ ఇలాంటిది కావడం నా అదృష్టం" అంటూ తూకం వేశారు. బియ్యమైతే తలకు మూడు కిలోల చొప్పున ఇవ్వమని ఇమాం గారు చెప్పారు. ఫిత్రాకు చెప్పిన పాత కొలత ‘సా’ను కొందరు రెండున్నర కిలోలుగా, కొందరు అంతకు మించి లెక్కకడతారు కనుక ఎక్కువ వైపు ఉండటమే మంచిదని ఆయన అభిప్రాయం. నీకూ, చెల్లెమ్మకూ, పిల్లలిద్దరికీ కలిపి 12 కిలోలు, మనం ఇంట్లో వండుకునే రకమే తీసుకున్నాను, 600 రూపాయలయ్యాయి. సెట్టిగారు ఒక గిన్నెలో ఉగాది పచ్చడి కూడా ఇచ్చారు. నాకు ఉపవాసం కనుక సాయంత్రం తింటానని ఇంటికి పంపించి, బస్తా బండి మీద పెట్టుకుని కాలువ గట్టు మీదికి బయలుదేరాను.

కుట్టు మిషను పిన్ని ఇంటికి వెళ్లాలని నా ఉద్దేశం. మా జాబితాలో మొదటి పేరు ఆమెదే. ఈ ఏడాది నలుగురం కలిసి ఇంటింటి పరిస్థితి కనుక్కుని ఒక జాబితా రాసి ఇమాం గారి బీరువాలో పెట్టాము. పండుగ నమాజు చదివే ఈద్గా గేటు దగ్గర వరుసలో నిలబెట్టి పంచే పద్ధతి మానేద్దామని అందరం ఒప్పుకున్నాము. పోయిన పండుగకు ఆమె కొడుకు తన తరగతి పిల్లవాడి తండ్రి ముందు చెయ్యి చాపవలసి వచ్చింది, ఆ తర్వాత ఎన్నో వారాలు వాడు శుక్రవారం జుమా నమాజుకు రాలేదు. అది తలచుకుంటే...

పిన్ని బస్తా వైపు చూసి అంది: "నా వాటా నాకు చేరింది నాయనా, నిన్న ఇద్దరు తెచ్చారు. ఇది గట్టు చివరి ఇంటికి తీసుకెళ్లు. నాలుగు రోజులుగా చూస్తున్నాను, సహరీ వేళకు ఆ ఇంట్లో దీపం వెలుగుతోంది కానీ పొయ్యి వెలగడం లేదు."

మిత్రమా, గట్టు చివరి ఇల్లంటే పెద్దక్క ఇల్లు. నీ అక్క ఇల్లు.

అది డాబా ఇల్లు, ముందు ఇనుప గేటు ఉంది, అందుకే జాబితా రాసిన మా నలుగురిలో ఒక్కరికీ ఆ తలుపు తట్టాలన్న ఆలోచన రాలేదు. లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు రెండు పంటలు వరుసగా తెల్లమచ్చ తెగులుకు పోయిందనీ, నగలన్నీ తాకట్టులో ఉన్నాయనీ, బావగారు భీమవరం వైపు వేరేవాళ్ల చెరువుల మీద కాపలా పనికి వెళ్లారనీ ఊళ్లో వింటూనే ఉన్నాము. వినడం వేరు, ఆ ఇంట్లో అక్క మంచినీళ్లు తాగి ఉపవాసం పట్టిందని తెలుసుకోవడం వేరు.

గేటు బయటే నిలబడి ఇమాం గారికి ఫోను చేసి రెండు సందేహాలు అడిగాను. సొంత డాబా ఉన్నవాళ్లకు ఇది చెల్లుతుందా అంటే, ఉంటున్న ఇల్లూ, వాడుకునే బండీ నిసాబు (జకాత్ విధి అయ్యే కనీస ఆస్తి) లెక్కలోకి రావనీ, అప్పులు తీసేస్తే ఆమె దగ్గర నిసాబంత సొమ్ము మిగలదు కనుక ఆమె అర్హురాలేననీ అన్నారు. సొంత తమ్ముడి ఫిత్రా, జకాత్ ఆమెకు ఇవ్వవచ్చా అంటే, తల్లిదండ్రులకూ, తాతముత్తాతలకూ, పిల్లలకూ, మనవలకూ, భార్యాభర్తలు ఒకరికొకరికీ ఇవ్వకూడదనీ, అవసరంలో ఉన్న అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ ఇవ్వడం ఇంకా మేలనీ, అందులో దానపు పుణ్యంతో పాటు బంధుత్వం నిలిపిన పుణ్యం కూడా ఉందనీ చెప్పారు. మరో మాట కూడా అన్నారు, అది నాకు ఎంతో ఊరటనిచ్చింది. ఇది ఫిత్రా అనో జకాత్ అనో పుచ్చుకునేవాళ్లకు చెప్పవలసిన అవసరం లేదట, ఇచ్చేవాడి మనసులో సంకల్పం ఉంటే చాలట.

తలుపు తీసినప్పుడు అక్క నన్ను చూసి నవ్వింది. బస్తా లోపల పెట్టి, "తమ్ముడు పండక్కి పంపించాడు" అన్నాను. అందులో అబద్ధం లేదు కదా. ఆమె బస్తా మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. "వాడే పంపాడా?" అని అడిగింది. "వాడే" అన్నాను. తర్వాత చాలా నెమ్మదిగా, "నా పేరు చెప్పి పంపాడా?" అని అడిగింది.

నేను ఏమని చెప్పగలను? ఉపవాసంలో ఉండి అబద్ధమాడలేను, నిజం చెప్పడానికి నోరు రాలేదు. "పండుగకు ముందే అందాలని పంపాడక్కా" అని తల దించుకుని బయటికి వచ్చేశాను. గేటు దాటుతుండగా వెనక నుంచి, "మూడో ఖర్జూరం లెక్క ఇంకా తేలలేదని వాడికి చెప్పు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉందో నేను రాయను. అప్పటికి సమయం ఏడూ ఇరవై, మీ నమాజుకు ఇంకా వ్యవధి ఉంది.

కొబ్బరితోట పంపకాల తర్వాత మీ ఇద్దరికీ మాటలు లేవని నాకు తెలుసు, అందులో తప్పెవరిదో నేను తీర్పు చెప్పడం లేదు. నిజం చెప్పాలంటే ఆ ఉదయం నీ మీద కోపం వచ్చింది, మధ్యాహ్నానికి నా మీద నాకే వచ్చింది, ఎందుకంటే నువ్వు సముద్రం అవతల ఉన్నావు, నేను ఆ గట్టు మీదనే రోజూ బండి మీద వెళుతున్నాను. ఆమె పరిస్థితి నీకు రాస్తున్నట్టు ఆమెకు తెలియదు, తెలియనివ్వకు. నువ్వు ఏమీ తెలియనట్టు ఫోను చెయ్యి. బియ్యం మాట ఎత్తకు, డబ్బు మాట ఎత్తకు, ఖర్జూరం లెక్క అడిగితే చాలు. బంధుత్వం తెంచుకోవడం ఎంత పెద్ద పాపమో జుమా ఖుత్బా ప్రసంగాల్లో మనం ఎన్నిసార్లు వినలేదు!

మిగిలిన 29,400 లెక్క కూడా రాసేస్తాను. అక్కకు పండుగ నాడు 15,000 ఈదీ (పండుగ కానుక) అని ఇచ్చాను. కుట్టు మిషను పిన్నికి తీరని అప్పు ఒకటి ఉంది, ఖుర్ఆన్ చెప్పిన ఎనిమిది రకాల హక్కుదారుల్లో అప్పుల్లో కూరుకుపోయినవాళ్లూ ఉన్నారు కనుక 9,000 ఆమె చేతికే ఇచ్చాను. దాళ్వా కోతలు మొదలు కాకపోవడంతో కూలి లేక కూర్చున్న మరో రెండిళ్లకు 5,400 సరిపోయింది. హౌజుకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. జకాత్ ఒక మనిషి చేతిలో అతని సొంతం కావాలి, గోడలకూ తొట్టెలకూ అది వాడకూడదు. హౌజుకు ఇవ్వాలనుకుంటే మామూలు దానంగా వేరే పంపు.

జీతం మీద రెండున్నర శాతం లెక్కకట్టానని నువ్వు అన్నావు, అది సరి కాదు. నిసాబు చేతికి వచ్చిన హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) తేదీని గుర్తుపెట్టుకుని, ప్రతి ఏడాదీ అదే తేదీన నీ దగ్గరున్న నగదు, బంగారం, వెండి, రావలసిన బాకీలు అన్నీ కలిపి, ఇవ్వవలసిన అప్పు తీసేసి, మిగిలిన మొత్తం మీద రెండున్నర శాతం కట్టాలి. చెల్లెమ్మ నగల మీద జకాత్ ఆమె బాధ్యత, ఆమె తరఫున నువ్వు ఇస్తే ఆమెకు చెప్పి ఇవ్వు. బంగారం నిసాబు 87.48 గ్రాములు, మన లెక్కలో పదకొండు కాసులకు కొంచెం తక్కువ, కాబట్టి ఆరు కాసులే ఉన్నాయని ఊరుకుంటారేమో. బంగారంతో పాటు నగదు కూడా ఉంటే మనం పాటించే హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో రెండూ కలిపి వెండి నిసాబుతో, అంటే 612.36 గ్రాముల వెండి ధరతో పోల్చాలి. ఈ 2025 ఏప్రిల్ ధర ప్రకారం కిలో వెండి లక్షకు అటూ ఇటూగా ఉంది కనుక, ఆ ధరకు అరవై వేలు దాటితే చాలు. వచ్చే ఏడాది డబ్బు రంజాన్ సగం గడిచేలోపే పంపు, ఫిత్రా ఇంత, జకాత్ ఇంత, దానం ఇంత అని విడివిడిగా రాసి పంపు.

ఆ ఆదివారం సాయంత్రం రెండు ఖర్జూరాలతో ఉపవాసం విడిచి, సెట్టిగారి పచ్చడి తిన్నాను. మేడ మీదికి వెళ్లేసరికి కొబ్బరిచెట్ల మీదుగా సన్నని నెలవంక కనిపించింది, ఇరవై తొమ్మిది రోజాలకే మా పండుగ కూడా వచ్చేసింది. మిగిలిన ఫిత్రాలన్నీ ఆ రాత్రే ఇళ్లకు చేర్చాము, పన్నెండు దాటింది. మర్నాడు ఈద్గాలో కుట్టు మిషను పిన్ని కొడుకు మొదటి వరుసలో, నా పక్కనే...

బక్రీదుకు నీ ఖుర్బానీ (పశుబలి) వాటా ఇక్కడే ఇవ్వాలనుకుంటే మే నెలలోనే చెప్పు, ఏడుగురు కలిసే పెద్ద జంతువులో ఇప్పటికి నలుగురం ఉన్నాము. మాంసం మూడు భాగాల్లో బంధువుల భాగం ఎవరింటికి మొదట వెళ్లాలో నేను వేరే చెప్పనక్కరలేదు. హౌజు మరమ్మతుకు మేస్త్రీ చెప్పిన లెక్క కూడా ఈ ఉత్తరంలోనే రాద్దామనుకున్నాను కానీ అజాన్ వినిపిస్తోంది, అమ్మ పిలుస్తోంది. అక్కకు ఈ రాత్రే ఫోను చెయ్యి, ఇషా నమాజు తర్వాత ఆమె మెలకువగానే ఉంటుంది.

నీ మిత్రుడు