తవ్వకముందే వీధి నడవాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో డ్రెయిను పని మధ్యలో ఆగితే అందరం కాంట్రాక్టరునే తిడతాం. పని చాలాసార్లు ఆగేది సిమెంటు లేక కాదు, అడగాల్సినవాళ్లను ముందుగా అడగక. వీళ్లనే ప్రాజెక్టు భాషలో స్టేక్‌హోల్డర్లు అంటారు. పత్రికల్లో ఈ మాటను ‘వాటాదారులు’ అని రాస్తున్నారు, అది సరికాదు. వాటాదారుకు లాభంలో వంతు ఉంటుంది. ఇక్కడి లెక్కలోకి పనివల్ల గడప మూసుకుపోయేవాళ్లు, పనిని ఆపగలిగినవాళ్లు, అయ్యాక ఆ కాలువ పూడిక తీయాల్సినవాళ్లు కూడా వస్తారు. ‘సంబంధీకులు’ అంటే చాలు.

బ్రాడీపేటలో అర కిలోమీటరు డ్రెయిను కడుతున్నారనుకుందాం. ఆస్తిపన్ను రిజిస్టరు చూసి సంబంధీకుల జాబితా రాస్తే అందులో ఇంటి యజమానులే ఉంటారు. షాపు అద్దెకు తీసుకున్నాయన కనపడడు. రెండు నెలలు గుమ్మం ముందు గొయ్యి ఉంటే బేరం పోయేది ఆయనకే, అద్దె మాత్రం కట్టక తప్పదు. అందుకే వీధిని మూడు పూటలా నడిచి చూడాలి. తెల్లవారుజామున పాలవాళ్లు, కూరల బండ్లు, పారిశుధ్య కార్మికులు కనిపిస్తారు. తొమ్మిదింటికి బడి ఆటోలు, క్లినిక్కుల ముందు రోగులు. రాత్రి ఎనిమిదింటికి టిఫిన్ బండ్లు.

నేల కింద పైపులు, కేబుళ్లు ఉన్నవాళ్లను ఎక్కువగా మరిచిపోతాం. మంచినీటి పైపు, ఇళ్ల కనెక్షన్లు, ఫోన్ కేబుళ్లు పాత మ్యాపులో చూపిన చోట ఉంటాయన్న నమ్మకం లేదు. ప్రతి 50 మీటర్లకు ఒక గొయ్యి పొక్లెయిన్‌తో కాక పారతో తవ్వి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కరెంటు స్తంభం జరపాలంటే విద్యుత్ సంస్థ అంచనా వేయాలి, డబ్బు జమ కావాలి, సరఫరా ఆపే రోజు ఖాయం కావాలి. ఇవి టెండరు తర్వాత మొదలైతే కాంట్రాక్టరు స్తంభానికి అటూ ఇటూ ఖాళీ వదిలి ముందుకు పోతాడు. తర్వాత అతికించిన ముక్క వాటం కుదరక నీళ్లు అక్కడే నిలుస్తాయి. రైల్వే పట్టాల కింద నుంచి పోవాలంటే డివిజన్ కార్యాలయం అనుమతి కావాలి, దానికి అన్నిటికంటే ముందే అర్జీ పెట్టాలి.

జాబితాలో ప్రతి పేరు పక్కన ఆరు గడులు గీయాలి: వాళ్లకు ఏం ఇబ్బంది, పనిని ఎంతవరకు ఆపగలరు, ఇప్పుడు ఏమంటున్నారు, ఎవరు మాట్లాడతారు, ఏం మాట ఇచ్చారు, ఎప్పటికి. ఇబ్బందీ బలమూ రెండూ ఉన్నవాళ్లతో వారానికోసారి కూర్చోవాలి. బలం ఉండి ఇబ్బంది లేని ట్రాఫిక్ పోలీసులకు పెద్ద నివేదికలు అక్కర్లేదు, ఏ రోజు ఏ దారి మూయాలో తేదీతో రాసిస్తే చాలు.

ఇబ్బంది ఉండి బలం లేనివాళ్ల దగ్గరే మనం తప్పు చేస్తాం. బండి పెట్టుకున్నామెను తీయించాలంటే 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు ఇవ్వాలి. స్థలం సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత 60 రోజులు అభ్యంతరాలకు వదలాలి. ఈ రోజులను పని షెడ్యూల్లో కలపనివాళ్లే తర్వాత ‘జనం సహకరించలేదు’ అంటారు. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోని ఇంటాయన హైకోర్టు నుంచి స్టే తెస్తే, ఆ రోజు నుంచి జాబితాలో మొదటి పేరు ఆయనదే. కాబట్టి జాబితాను నెలకోసారి తిరగరాయాలి.

తేదీలు చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఒకటి, సూపర్‌వైజరు ఒకటి, కార్పొరేటరు మరొకటి చెబితే మూడూ అబద్ధాలైపోతాయి. మిర్చి యార్డుకు పోయే దారిలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తవ్వకం పెట్టుకోకూడదు, లారీలు ఆగితే రైతు సరుకు ఎండలో పడుంటుంది. క్లినిక్కు ఉన్న చోట రోడ్డు సగమే తవ్వి, గేటు ముందు గొయ్యి మీద నడవడానికి ఇనుప ప్లేటు వేయాలి.

ఇలాంటి వీధికి ఈ జాబితా రాయడానికి ఒక ఏఈ, ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు వారం తిరిగితే సరిపోతుంది. అంచనాకు దీన్ని జతచేయనిదే టెండరు పిలవకూడదని నగరపాలక సంస్థ నిబంధన పెట్టాలని కోరుతున్నాం. పేర్ల వరకు వార్డు సచివాలయం బోర్డు మీద అంటిస్తే, తప్పిపోయినవాళ్లు వచ్చి రాయించుకుంటారు.

– కొందరు సివిల్ ఇంజినీర్లు, గుంటూరు