చికాగో ఒక్కటేనా, ఫ్లింట్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మే డే వచ్చిందంటే చాలు మన పేపర్లన్నిటిలో 1886 చికాగో, ఎనిమిది గంటల పని, ఎర్రజెండా, అంతటితో సరి. తప్పని అనట్లేదండీ, కానీ అమెరికా కార్మికుల కథ అక్కడితోనే అయిపోయినట్టు రాస్తారెందుకో. మిషిగన్‌లో ఫ్లింట్ అనే ఊళ్ళో 1936 డిసెంబర్ 30న మొదలైన సమ్మె గురించి ఒక్కసారైనా వేస్తారేమోనని ఏటా చూస్తున్నా.

నేను ఇనప రేకుల్ని నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్ షాపులో పనిచేసి రిటైరయ్యాను, అందుకే ఈ కథ మీద నాకు అంత ఇది. జనరల్ మోటార్స్ వాళ్ళ ఫిషర్ బాడీ ప్లాంట్‌లో కారు బాడీలు నొక్కే డైలని, అంటే అచ్చుల్ని, యూనియన్ బలం లేని ఊళ్ళకి పంపేద్దామని రైలు వ్యాగన్లలోకి ఎక్కిస్తుంటే వర్కర్ల కంటపడింది. డై పోయాక ప్రెస్ ఉండి ఏం లాభం, ఒట్టి ఇనప దిమ్మె. అంతే, లోపలే కూర్చుండిపోయారు. గేటు బయట కూర్చుంటే పోలీసులు తరిమేస్తారు, కంపెనీ కొత్తవాళ్ళని పెట్టి లైన్ నడిపేసుకుంటుంది, అదే లోపల కూర్చుంటే మిషన్లకి ఏమవుతుందోనని భయపడాల్సింది కంపెనీయే. ఏం లెక్క వేశారండీ!

మొత్తం 44 రోజులు. పడక కారు సీట్ల మీదే, ఊడవడానికో కమిటీ, కాపలాకో కమిటీ, మందు బంద్. జనవరి 11న ఒక ప్లాంట్‌లో హీటింగ్ ఆపేశారు, అదీ మిషిగన్ చలిలో, తిండి కూడా లోపలికి పోనివ్వకుండా పోలీసులు టియర్ గ్యాస్ కొట్టి తుపాకులు పేలిస్తే పదిమందికి పైగా గాయపడ్డారు, లోపలివాళ్ళేమో ఫైర్ హోస్ నీళ్ళు కొట్టి, కారు డోర్ల మడతబందులు విసిరి పోలీసుల్ని వెనక్కి తరిమారు. ఆ గొడవ మధ్యలో జెనోరా జాన్సన్ అని 23 ఏళ్ళావిడ, ఇద్దరు పిల్లల తల్లి, మైకు పట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చి నిలబడండని పిలిస్తే నిజంగానే పోలీసుల్ని తోసుకుని వచ్చేశారు! గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సైనిక దళాన్ని దింపాడు గానీ వర్కర్లని ఖాళీ చేయించడానికి మాత్రం వాడలేదు. చివరికి 1937 ఫిబ్రవరి 11న కంపెనీయే దిగొచ్చి కార్ల ఫ్యాక్టరీ వర్కర్ల యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది, అప్పటికి ఆ యూనియన్‌కి రెండేళ్ళు కూడా నిండలేదు.

వచ్చే మే డేకి వేసేటట్టయితే ఫొటో కోసం వెతుక్కోనక్కర్లేదు, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది, ఫ్యాక్టరీ లోపల కారు సీట్ల మీద తీరిగ్గా కూర్చుని పేపర్ చదువుకుంటున్న వర్కర్లది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రెస్ ఆపరేటర్, విశాఖపట్నం