పెరట్లో సిమెంటు పని గురించి

అమ్మలూ,

నిన్న మేస్త్రి వచ్చి పెరడంతా టేపు పెట్టి కొలిచి వెళ్లాడు. వేసవి సెలవుల్లోపు మొత్తం సిమెంటు చేయించెయ్యమని, మునగచెట్టుకున్న ఎండుకొమ్మ కొట్టించెయ్యమని నువ్వు ఫోన్ చేసి చెప్పావటగా. పాములు తిరుగుతాయని, వానల్లో మీ అమ్మ జారిపడుతుందని నీ భయం. ఆ భయం మాకూ లేకపోలేదు. అయినా ఈ పని ఇప్పుడు వద్దు. ఎందుకో ఫోన్లో చెప్పబోతే "సరే నాన్నా, మీటింగుంది" అంటావు. అందుకని రాస్తున్నాను. వాట్సాప్‌లో ఫొటోలు కూడా పంపుతున్నాను, ముందు ఇది చదివి తర్వాత అవి చూడు.

నువ్వు ఇక్కడ వదిలేసిన కెమెరా ఇప్పుడు పొద్దున్నే నా చేతిలోనే ఉంటోంది. ఎదురింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, "ఏటి బాబూ, కాకిని కూడా ఫొటో తీస్తన్నారేటి?" అని నవ్వుతారు. తీస్తున్నాను మరి. కాకి ఫొటో సరిగ్గా తియ్యడం ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు.

మన ఊళ్లో వసంతం పంచాంగం ప్రకారం ఉగాదికి వస్తుంది. పెరట్లోకి మాత్రం మాఘం చివర్లోనే వచ్చేస్తుంది. మంచు పల్చబడి, మామిడిపూత రాలి పిందె కనిపించే వేళకి పిట్టల గోల మారిపోతుంది. అరసవల్లిలో మార్చిలో స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని జనం చీకటితోనే వెళ్లి క్యూ కడతారు కదా, ఆ పాటికే పొద్దు పెరుగుతున్న సంగతి పిట్టలకు తెలిసిపోయి ఉంటుంది. పగలు పొడుగవుతున్న కొద్దీ చాలా పక్షుల ఒంట్లో గుడ్లు పెట్టే కాలానికి తగ్గ మార్పులు మొదలవుతాయి. రంగు తేలడం, పాట పెరగడం, చోటు కోసం కొట్టుకోవడం, అన్నీ ఆ తర్వాతే.

ఇక నువ్వు కొట్టించమన్న ఎండుకొమ్మ సంగతి. ఆ కొమ్మ అడుగున రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద కన్నం ఉంది. అది కంసాలిపిట్ట తొలుచుకున్న ఇల్లు. మధ్యాహ్నం ఎండలో ఎక్కడో ఎవరో రాగి పాత్ర మీద సుత్తితో కొడుతున్నట్టు టుక్ టుక్ మని ఆగకుండా వినిపిస్తుందే, ఆ పిట్టే. పిచ్చుక కంటే కొంచెం పెద్దది, ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద కుంకుమ పెట్టినంత ఎరుపు, పసుపు గొంతు. ఆకుల్లో కలిసిపోతుంది కాబట్టి ఇన్నేళ్లూ పాట విన్నామే గాని పిట్టని చూసిన పాపాన పోలేదు. అది పాడేటప్పుడు ముక్కు తెరవదు. మూసిన ముక్కుతోనే, ఒక్కో టుక్‌కీ గొంతు ఉబ్బుతుంది. మూడో ఫొటోలో ఆ ఉబ్బు స్పష్టంగా పడింది, పెద్దది చేసి చూడు. పచ్చి కొమ్మని తొలిచే బలం దాని ముక్కుకి లేదు. మెత్తబడిన ఎండుకొమ్మే కావాలి. మనకి పనికిరాని ఆ కొమ్మ తప్ప మన దొడ్లో దానికి పనికొచ్చేది ఇంకొకటి లేదు. ఇప్పుడు ఆ జంట వంతులవారీగా లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. గుడ్లున్నాయో పిల్లలున్నాయో నేను నిచ్చెన వేసి చూడలేదు, చూడను కూడా. మనం గూటి దగ్గర తచ్చాడితే కాకులూ పిల్లులూ ఆ జాడ పట్టేస్తాయి. వంటింటి కిటికీ తెరచాటు నుంచే అన్నీ తీసినవి.

మందార దగ్గర తేనెపిట్ట ఫొటోలు రెండున్నాయి. రెండూ ఒకే పిట్ట అంటే మీ అమ్మ నమ్మలేదు. చలికాలంలో మగది కూడా ఆడదానిలాగే మట్టిరంగూ పసుపూ కలిసి ఉంటుంది, గొంతు నుంచి కిందికి ఒక నల్లటి గీత మాత్రం తేడా. గుడ్ల కాలం దగ్గరపడేసరికి ఆ ఈకలు పోయి ఊదా, నీలం మెరిసే కొత్త ఈకలు వస్తాయి. మధ్యలో కొన్నాళ్లు అతుకుల బొంతలా తిరిగింది, మొదటి ఫొటో అప్పటిదే. ఆ మెరుపు ఈకకు అద్దిన రంగు కాదు. ఈకలోని సన్నటి పొరల మీద వెలుతురు పడి తిరిగొచ్చేటప్పుడు పుట్టేది. సూర్యుడు మన వీపు వైపుంటే నీలం నిప్పులా వెలుగుతుంది, ఎదురుగా ఉంటే అది ఉత్త నల్లపిట్ట. అందుకే ఏడున్నర లోపే కూర్చుంటాను, ఎండ ముదిరాక ఒక్కటీ బాగా రాదు. కెమెరా షట్టరు సెకనులో వెయ్యో వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉంటే రెక్కలు పొగలా వస్తాయి. పువ్వు మీద ఫోకస్ పెట్టుకుని పిట్ట వచ్చేదాకా ఆగడం ఒక్కటే దారి, దాని వెంట కెమెరా తిప్పితే ఆకులే మిగులుతాయి.

వేపచెట్టు మీద కాకులు పుల్లలు చేర్చడం మొదలుపెట్టాయి. కోయిల గొంతు పెంచింది కూడా అందుకే. పాడేది నల్లటి మగది. దాని కూతకి కాకులు రెచ్చిపోయి తరుముతుంటే, ఒంటినిండా తెల్లచుక్కలున్న ఆడది చడీచప్పుడు లేకుండా గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. మీ అమ్మకి ఆ మాట చెబితే, "అయితే కాకి పాపం మంచిదే" అని రోజూ మొదటి ముద్ద దానికే వేస్తోంది. ఆకాశం వెనకున్నప్పుడు నల్లపక్షి నల్లముద్దలా వస్తుంది. వెలుతురు ఒక మెట్టు పెంచితే కంటి ఎరుపు కూడా కనబడుతుంది.

పిచ్చుకల మాట కూడా చెప్పాలి. గింజలు తింటాయి కదా, సిమెంటు మీద నాలుగు నూకలు వేస్తే చాలదా అంటావేమో. పెద్దవాటికి చాలు, పిల్లలకి చాలదు. పిల్లలకి పురుగులే పెట్టాలి. మట్టీ ఆకులూ కుళ్లేచోటే పురుగులుంటాయి. పైగా అవి పొడి దుమ్ములో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి. బావి పక్కన చిన్న చిన్న గుంటలు చూసి కోడి గీరిందనుకున్నావు కిందటిసారి, అవి పిచ్చుకల స్నానాల గదులు.

నీ భయానికి నా జవాబు ఇది. పాము ఎలక కోసం వస్తుంది, ఎలక చిందిన గింజ కోసం వస్తుంది. నూకలు చల్లడం మానేశాను, నీళ్లు మాత్రం లోతులేని మట్టి మూకుట్లో పెట్టి రోజూ పారబోసి మారుస్తున్నాను, దోమలకీ అవకాశం లేదు. గోడ వారన గడ్డి కోయించాను. వంటింటి గుమ్మం నుంచి బావి దాకా, అక్కణ్ణుంచి బట్టలారేసే తీగ దాకా ఒక మనిషి నడిచేంత వెడల్పున గరుకు రాళ్లు పరిపిద్దాం. మీ అమ్మ నడిచేది అంతే. మిగతాది మట్టిగానే ఉండనీ.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లినప్పుడు నువ్వు ముక్కు మూసుకున్నావు, గుర్తుందా? అక్కడ గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. చేపల వాసన, రెట్టలు అన్నీ ఆ ఊరివాళ్లు తరాలుగా భరిస్తున్నారు, పక్షులు రాని ఏడు మంచిది కాదనుకుంటారు. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు గాని, ఆ గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే, చలికి పారిపోయి వచ్చినవి కావు. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి నత్తలు తినే కొంగలు వానలతో వస్తాయి. జిల్లాలో ఊళ్లకు ఊళ్లే సర్దుకుంటుంటే మనకొచ్చింది ఒక ఎండుకొమ్మ.

నీ అపార్ట్‌మెంట్ బాల్కనీలోనూ ఏదో ఒకటి వాలుతూనే ఉంటుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి ప్రపంచమంతా చేస్తున్నారు. పదిహేను నిమిషాలు నిలబడి కనిపించినవి రాసి ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో పెట్టడమే. మీటింగుకీ మీటింగుకీ మధ్య ఆమాత్రం టైము దొరుకుతుంది.

మేస్త్రికి నువ్వే ఫోన్ చేసి దసరా దాటాక రమ్మని చెప్పు. నేను చెబితే బేరం కోసం అంటున్నాననుకుంటాడు. సిమెంటు బస్తాలకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే వెనక్కి అడగకు, ముందు వరండా మెట్లు పగిలాయి, అక్కడ వాడిద్దాం. వచ్చేటప్పుడు అరవై నాలుగు జీబీ మెమరీ కార్డు ఒకటి పట్రా, ఇక్కడ కొన్నది మొరాయిస్తోంది.

ఆశీస్సులతో,
నాన్న