నీ ఎముక అడుగుతున్న గడువు

చిరంజీవి అమ్మలుకు, అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన స్కాన్ రిపోర్టును నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఎడమ మోకాలి కింది ఎముక పైపొర ఎక్కడా చిట్లలేదనీ, అయితే లోపలి మూలుగలో వాపు కనిపిస్తోందనీ, ఇది స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముక చిట్లడానికి, ముందుమెట్టు కాబట్టి ఆరు వారాల పాటు పరుగు పూర్తిగా మానాలనీ డాక్టర్ గారు రాశారు. దాని కింద నువ్వు, "అంటే ఈ ఏడాది పడ్డ కష్టమంతా పోయినట్టేనా అమ్మా?" అని ఒక్క వాక్యం చేర్చావు. ఫోనులో నాలుగు ఓదార్పు మాటలు చెబితే నీకు సరిపోదని నాకు తెలుసు. కారణం తెలియనిదే ఏ మాటా ఒప్పుకోని స్వభావం నీది. ఇన్నేళ్లుగా శరీరధర్మశాస్త్రం పాఠాలు చెబుతున్నదాన్ని, సొంత కూతురికి ఆ కారణాలు విడమరచి చెప్పకపోతే ఎలా? ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది, ఓపికగా చదువు.

ముందు నీ ప్రశ్నకు జవాబు. కష్టమంతా పోలేదు, పోదు కూడా. ఏళ్ల తరబడి సాధన చేసినవారు పరుగూ సైకిలూ పూర్తిగా మానేస్తే ఏమవుతుందో వ్యాయామ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో కొలిచి చూసింది. శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ మొదటి మూడు వారాల్లో సుమారు 7 శాతం తగ్గింది, 84 రోజులు గడిచేసరికి 16 శాతం తగ్గింది. మొదట తగ్గేది ముఖ్యంగా రక్తంలోని ద్రవభాగం వల్ల. అది ఎంత త్వరగా తగ్గుతుందో, సాధన మొదలుపెడితే అంత త్వరగానే తిరిగి వస్తుంది. కండరాల చుట్టూ అల్లుకున్న సన్నని రక్తనాళికలు మాత్రం ఆ మూడు నెలల్లో తగ్గనే లేదు. పైగా వాళ్లు ఏ సాధనా చేయకుండా ఉన్నవాళ్లు. నీకు సైకిలుంది, ఈతకొలనుంది. 1980ల మొదట్లో రాబర్ట్ హిక్సన్ చేసిన ప్రయోగాల్లో, వారానికి ఆరు రోజుల సాధనను నాలుగుకో, రెండుకో తగ్గించుకున్నవారు కూడా, ఆ మిగిలిన రోజుల్లో తీవ్రత తగ్గనివ్వకపోతే పదిహేను వారాల పాటు తమ గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని నిలుపుకోగలిగారు. నీ పందెమైన 800 మీటర్ల పరుగులో ఖర్చయ్యే శక్తిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఆక్సిజన్ సాయంతోనే పుడుతుంది కాబట్టి, నొప్పి లేనంత వరకు, డాక్టర్ గారు అనుమతించిన మేరకు, సైకిలు మీద వారానికి రెండుసార్లు గట్టిగా శ్రమిస్తే నీ పందెపు శక్తిలో పెద్ద వాటా పదిలంగానే ఉంటుంది.

ఇక ఇది ఎందుకు జరిగిందన్నది. నీ సాధన డైరీ నకలు నా దగ్గర ఉంది కదా, దాన్ని ముందేసుకుని లెక్క కట్టాను. పది వారాల్లో నీ వారపు దూరం 38 కిలోమీటర్ల నుంచి 62కు చేరింది. అందులో కోచ్ గారు చెప్పినది 50 మాత్రమే. మిగిలినది తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా నువ్వు చేర్చుకున్నది. దాని గురించి నిన్ను కోప్పడటానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పది వారాల్లో నీకు ఊపిరి బాగా ఆడింది, కాళ్లు తేలికగా అనిపించాయి, టైమింగులు మెరుగయ్యాయి. శరీరమంతా సిద్ధంగా ఉందని నువ్వు అనుకోవడం సహజమే. కానీ శరీరమంతా ఒకే వేగంతో సిద్ధం కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

సాధన మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు మరింత రక్తాన్ని పంపగలుగుతుంది. కండరాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా కొన్ని వారాల్లో పెంపొందుతాయి. ఎలుకలను పరుగెత్తించి ఆ సంగతిని జాన్ హాలోజీ 1967లోనే చూపించారు. కండరాన్ని ఎముకకు కట్టిపడేసే టెండన్లు గట్టిపడటానికి నెలలు కావాలి. అన్నిటికంటే నెమ్మదైనది ఎముక. నీ గుండె, నీ కండరాలు జూన్ నెలలో ఉంటే నీ ఎముక ఇంకా మార్చిలోనే ఉందన్నమాట. ముందున్న వాటి మాట విని నువ్వు వేగం పెంచావు, వెనుకబడినది ఆ బరువును మోసింది.

ఎముక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ట్రాక్ మీద ఎవరూ దీన్ని గురించి మాట్లాడరు. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ మన బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. కండరాల లాగుడు కూడా కలిపితే ఎముక లోపల ఒత్తిడి అంతకంటే ఎక్కువ. ఆ ఒత్తిడికి కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడతాయి. ఇందులో కీడేమీ లేదు, ఎముక బలపడే దారే అది. పగిలిన భాగాన్ని ఆస్టియోక్లాస్టులనే కణాలు తొలిచివేస్తాయి, ఆ గుంటను ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్త ఎముకతో పూడుస్తాయి, భారం పడే దిశలో ఎముక మునుపటికంటే గట్టిగా తయారవుతుంది. అయితే తొలిచే పని రెండు మూడు వారాల్లో ముగిస్తే, పూడ్చి ఖనిజాలతో గట్టిపరచే పనికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఈ రెంటికీ మధ్య కాలంలో ఎముక, సాధన మొదలుపెట్టక ముందుకంటే కూడా గుల్లగా ఉంటుంది. దూరం పెంచిన మొదటి వారంలో నీకు ఏ నొప్పీ లేకపోవడానికీ, అంతా బాగుందని నమ్మకం కుదిరాక, ఆరో వారంలో సలుపు మొదలవడానికీ కారణం ఇదే. నువ్వు డైరీలో "కొంచెం సలుపు, పరుగెత్తితే తగ్గింది" అని రాసుకున్న రోజు మీద వేలు పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆ రోజే మనం మాట్లాడుకుని ఉండవలసింది.

ఇంకొక సంగతి. జంతువుల మీద జరిపిన ప్రయోగాల్లో, ఎముక కణాలు కొన్ని పదుల తాకిళ్లు పడగానే స్పందించడం దాదాపు మానేస్తాయనీ, కొన్ని గంటల విరామం ఇస్తేనే మళ్లీ చెవి యొగ్గుతాయనీ తేలింది. అంటే ఎనిమిదో కిలోమీటరు నుంచి పన్నెండో కిలోమీటరు వరకు నువ్వు పెట్టిన అడుగులు ఎముకకు అరుగుదలను ఇచ్చాయే గానీ, బలపడమన్న సందేశాన్ని కొత్తగా ఇవ్వలేదు.

విశ్రాంతి అంటే సాధన ఆగిపోవడమని నువ్వు అనుకుంటున్నావు. సాధన చేస్తున్న గంటలో శరీరం బలహీనపడుతుంది. బలపడేది మిగిలిన ఇరవైమూడు గంటల్లో. రోజర్ బానిస్టర్ కథ నీకు సగమే తెలుసు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తి, నాలుగు నిమిషాల లోపు మైలు ముగించిన మొదటి మనిషి అయ్యారు. దానికి కొద్ది వారాల ముందు ఆయన సాధన ఒకచోట ఆగిపోయింది. పావు మైలు చొప్పున పదిసార్లు పరుగెత్తే సాధనలో ఒక్కో పావు మైలు 61 సెకన్ల నుంచి దిగడం లేదు. అప్పుడాయన మరింత గట్టిగా సాధన చేయలేదు. స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండ్ వెళ్లి, కొండలెక్కుతూ కొన్ని రోజులు ట్రాక్‌కు దూరంగా ఉన్నారు. తిరిగి వచ్చాక అదే సాధనను 59 సెకన్ల చొప్పున పూర్తి చేశారు. ఒక్కరి అనుభవాన్ని రుజువుగా తీసుకోకూడదని నా విద్యార్థులకు నేనే చెబుతాను, ఇదీ రుజువు కాదు. కానీ నెలల తరబడి పేరుకున్న అలసట కిందపడి కనిపించకుండా పోయిన సామర్థ్యం, ఆ అలసట దిగగానే పైకి తేలడం తరువాతి కాలంలో అనేక అధ్యయనాల్లో కనబడింది. పోటీకి రెండు వారాల ముందు వేగం తగ్గించకుండా దూరాన్ని దాదాపు సగానికి తగ్గించమని మీ కోచ్ గారు చెప్పేది అందుకే.

ఇప్పుడు నిన్ను ఒక మాట సూటిగా అడగాలి. నీకు నెలసరి సక్రమంగా వస్తోందా? రెండు నెలలుగా ఆ ప్రస్తావన వస్తే నువ్వు మాట మారుస్తున్నావు. నేనెందుకు అడుగుతున్నానో చెబుతాను. నేను పరుగెత్తే రోజుల్లో నాకు ఏడు నెలల పాటు నెలసరి ఆగిపోయింది. శరీరం సాధనకు అలవాటు పడిందనడానికి అదే గుర్తు అని మా శిక్షకుడు అన్నాడు. నేనూ, నాతో పరుగెత్తే అమ్మాయిలూ అది నిజమని నమ్మాం, కొంత గర్వపడ్డాం కూడా. ఆ ఏడాది చివర మామూలు సాధనలో, మలుపు దగ్గర, నా పాదంలోని ఎముక విరిగింది. విరిగిన ఎముక అతుక్కుంది గానీ ఆ తరువాత నా టైమింగులు మునుపటి స్థాయికి ఎన్నడూ రాలేదు. ఈ విషయం నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

అప్పుడు మాకు తెలియనిది ఇప్పుడు బాగా తెలుసు. తిన్న ఆహారంలోని శక్తిలోంచి వ్యాయామానికి ఖర్చయినది తీసేస్తే మిగిలే దానితోనే శరీరం తన మిగతా పనులన్నీ నడుపుకోవాలి. ఆ మిగులు, కొవ్వు కాని శరీర బరువులో కిలోకు రోజుకు 45 కిలోకేలరీల దగ్గర ఉంటే మంచిది. అది 30 కంటే కిందికి పడినప్పుడు, నెలసరిని నడిపే హార్మోన్ల లయ ఐదు రోజుల్లోనే చెదురుతుందని ఆన్ లౌక్స్ 2003లో చూపించారు. ఆ హార్మోన్లలో ఒకటైన ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకకు కాపలా తగ్గినట్టే. తొలిచే కణాలకు అడ్డు ఉండదు, పూడ్చే కణాలకు సరుకు అందదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి, ఇది ఎముకలతో పాటు గుండెను, జీర్ణశక్తిని, రోగనిరోధక శక్తిని కూడా దెబ్బతీస్తుందనీ, మగవారికీ వస్తుందనీ ప్రకటించింది. ఇందులో పడ్డవారందరూ కావాలని కడుపు మాడ్చుకున్నవారు కారు. దూరం పెరిగినంతగా ఆకలి పెరగకపోవచ్చు. గట్టి సాధన తరువాత కొన్ని గంటలు ఆకలే వేయకపోవచ్చు. నీ వారపు దూరం మొత్తం 24 కిలోమీటర్లు పెరిగింది, భోజనంలో ఏం చేర్చావో డైరీలో ఎక్కడా లేదు.

నీ డైరీలో నన్ను కలవరపెట్టినది మరొకటి ఉంది. "తేలికపాటి పరుగు" అని రాసిన రోజుల్లో నీ గుండె వేగం నిమిషానికి 170 దాటింది. అది తేలికైనది కాదు, కష్టమైనదీ కాదు, రెంటికీ మధ్యది. స్టీఫెన్ సీలర్ అనే పరిశోధకుడు వేర్వేరు ఆటల్లో అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనను పరిశీలించి, వారి సాధనలో దాదాపు 80 శాతం హాయిగా మాట్లాడుతూ చేయగలిగినంత నెమ్మదిగా సాగుతుందనీ, మిగిలిన కొద్ది భాగమే చాలా గట్టిగా ఉంటుందనీ గమనించారు. నెమ్మదిగా పరుగెత్తవలసిన రోజున నెమ్మదిగా పరుగెత్తడానికి వేగానికి కావలసినంత పట్టుదలే కావాలి. మీ జట్టులోని అమ్మాయి అదే సాధనతో నీకంటే త్వరగా మెరుగవుతోందని నువ్వు బాధపడుతూ, ఆమెతో సమానంగా ఉండాలనే ఆ రోజుల్లో వేగం పెంచావని నాకు అనుమానం. హెరిటేజ్ అనే పెద్ద అధ్యయనంలో వందలాది మందికి 20 వారాల పాటు ఒకే తరహా సాధన ఇచ్చారు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సగటున నిమిషానికి సుమారు 400 మిల్లీలీటర్లు పెరిగింది గానీ, కొందరిలో దాదాపు ఏమీ పెరగలేదు, కొందరిలో లీటరు దాకా పెరిగింది. ఆ తేడాలో కొంత భాగం వంశపారంపర్యమని కూడా తేలింది. ఆమె శరీరం ఆమె లెక్క ప్రకారం మారుతుంది.

నిద్ర గురించి ఎక్కువ చెప్పను. శరీరం మరమ్మతుకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో. తెల్లవారుజామున చేర్చుకున్న ఆ పరుగు దూరాన్ని పెంచడంతో పాటు నిద్రలో గంటన్నర కోసేసింది.

ఆరు వారాల తరువాత ఎలా మొదలుపెట్టాలో డాక్టర్ గారూ, కోచ్ గారూ కలిసి నిర్ణయిస్తారు. నేను కోరేది ఇంతే: నడిచినప్పుడు గానీ, ఎముక మీద వేలితో నొక్కినప్పుడు గానీ నొప్పి లేదని తేలాకనే పరుగు మొదలుపెట్టు, మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకగా, రోజు విడిచి రోజు, ముందు నిమిషాలు పెరగాలి, వేగం ఆ తరువాత, స్పైక్స్ (మేకుల బూట్లు) చివరికి. నీ ఊపిరి ఇంకా చేయగలనంటుంది, అప్పుడు ఎముక నెలలను లెక్కపెట్టుకో. ఇప్పుడు తొలిచిన భాగం పూర్తిగా గట్టిపడటానికి ఈ ఆరు వారాలే కాదు, ఆపైన మరో రెండు నెలలు పడుతుంది.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు నెలసరి విషయం దాచకుండా చెప్పు. తెల్లవారుజాము పరుగుల సంగతి కోచ్ గారికి నువ్వే చెబుతావా, నేను నీ పక్కన ఉండి మాట్లాడాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకుందాం. సైకిలు సాధన మొదటి వారం పేజీ నింపాక నాకు పంపు. అందులో దూరం, వేగంతో పాటు ఎన్ని గంటలు నిద్రపోయావో, ఎంత తిన్నావో కూడా రాసి ఉండాలి.

ప్రేమతో,
అమ్మ