పైన్ అడవిని నేల నుంచి చదవాలి

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర ఐరోపా అడవుల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసంలో, పైన్ చెట్ల కింద రాలిన సూదులు తప్ప ఏమీ ఉండవని రాశారు. ఫిన్లాండ్, స్వీడన్‌లలోని స్కాట్స్ పైన్ అడవుల విషయంలో ఇది నిజం కాదు. ఆ చెట్టు తల పలచన. వెలుతురు నేలదాకా దిగుతుంది, స్ప్రూస్ అనే మరో సూది ఆకుల చెట్టు కింద ఉండేంత చీకటి ఇక్కడ ఉండదు. పైన ఉన్నది ఒకే జాతి చెట్టయినా, కింద పెరిగేవి నేలను బట్టి మారిపోతాయి. ఫిన్లాండ్ శాస్త్రవేత్త కయాందెర్ 1909లో అడవులను వర్గీకరించింది ఈ కింది మొక్కలను చూసే.

దక్షిణ ఫిన్లాండ్‌నే తీసుకుందాం. హిమానీనదాలు వదిలేసిన ఇసుక, కంకర దిబ్బల మీద నీరు నిలవదు, పోషకాలూ నిలవవు. అక్కడ నేలంతా తెల్లటి, బూడిదరంగు క్లాడోనియా లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు). కాస్త మెరుగైన చోట హెదర్ పొదలు. ఇంకా మెరుగైతే లింగన్‌బెర్రీ అనే చిట్టి పండ్ల పొద, దాని కింద ప్లూరోజియం అనే మాస్ (నాచులాంటి చిన్న మొక్క) దట్టంగా పరుచుకుంటుంది. బిల్‌బెర్రీ ఎక్కువైందంటే తేమ, సారం పెరిగాయని అర్థం. అక్కడికి స్ప్రూస్ కూడా చేరుతుంది. పారతో చిన్న గుంట తీస్తే కారణం కనబడుతుంది: పైన పలచటి నల్లని పొర, దాని కింద సారం కడిగేసిన బూడిదరంగు ఇసుక, ఆ కింద తుప్పురంగు పొర. ఇదే పాడ్జోల్ నేల. పై పొర పీహెచ్ 4 దరిదాపుల్లో ఉంటుంది, అంటే బాగా ఆమ్లగుణం ఉన్న నేల.

విద్యార్థులు సర్వే చేయదలిస్తే జులై, ఆగస్టు అనువైన నెలలు. చెట్లకు 10×10 మీటర్ల గడి, అందులోనే పొదలు, లైకెన్లు, మాస్‌లకు 1×1 మీటరు గడులు కొన్ని వేయాలి. ఒక్కో జాతి ఎంత శాతం నేలను కప్పిందో విడివిడిగా రాయాలి. పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి కనుక మొత్తం 100 దాటవచ్చు. లెక్క తప్పిందనుకుని దాన్ని 100కు కుదించడం తరచూ జరిగే పొరపాటు. బాట పక్కన గడి వేయకూడదు. ఈమధ్యే చెట్లు నరికిన చోట గడ్డి, ఫైర్‌వీడ్ విపరీతంగా వస్తాయి, వాటిని చూసి నేల సారవంతమని తేల్చేయకూడదు. రెయిన్‌డీర్ మేసే ఉత్తర ప్రాంతాల్లో లైకెన్ తక్కువగా ఉన్నంత మాత్రాన అది లైకెన్ రకం అడవి కాకుండా పోదు.

ఈ మాస్‌ను తివాచీగా మాత్రమే చూడటం అన్యాయం. ప్లూరోజియం ఆకుల మధ్య ఉండే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరపరుస్తాయి, అంటే మొక్కలు వాడుకోగల రూపంలోకి మారుస్తాయి. ఉత్తర స్వీడన్ అడవుల్లో ఇలా చేరే నత్రజని ఏడాదికి హెక్టారుకు 1.5 నుంచి 2 కిలోల దాకా ఉంటుందని కొలిచారు. మన వరిపొలం లెక్కలో ఇది లెక్కలోకే రాదు, కానీ అంత పేద నేలకు పెద్ద రాబడి. కలప త్వరగా పెరగాలని అక్కడ ఒక్కసారికి హెక్టారుకు 150 కిలోల నత్రజని చల్లే పద్ధతి ఉంది. పేద నేలకు అలవాటుపడిన లైకెన్లు దానికి తట్టుకోలేవు.

మంటలను పూర్తిగా ఆపడమూ మేలు చేయదు. ముదురు పైన్ మందపాటి బెరడుతో నేలబారు మంటను తట్టుకుంటుంది. చాలాకాలం మంట రాని ఉత్తరాది అడవుల్లో క్రౌబెర్రీ అనే పొట్టి పొద దట్టంగా అల్లుకుంటుంది. దాని ఆకుల నుంచి వచ్చే బటాటసిన్ అనే రసాయనం పైన్ గింజలను సరిగా మొలవనివ్వదు. మంట తర్వాత మిగిలిన బొగ్గు అలాంటి రసాయనాలను పీల్చుకుంటుంది.

ఫిన్లాండ్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకూ ఒక మాట. అడవిలో తిరగడానికి, బెర్రీలు ఏరుకోవడానికి అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. లైకెన్, మాస్ పీకడానికి, నెగడు వేయడానికి మాత్రం నేల యజమాని అనుమతి తప్పనిసరి. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఎండినప్పుడు అప్పడంలా పెళుసెక్కి, కాలు పడితే పొడైపోతుంది. మళ్ళీ నిండడానికి దశాబ్దాలు పడుతుంది. వాన వెలిసి అది మెత్తబడ్డాక నడిస్తే నష్టం తక్కువ. పొడి రోజుల్లో ఉన్న బాట దాటకండి.

ఇట్లు,
వృక్షశాస్త్ర అధ్యాపకులు